ముప్పై రోజుల గడువు – మనం తీసుకోవలసిన నిర్ణయం



ఈ వసతిగృహంలో చదివి బయటికి వెళ్లిన మేము కొందరం వార్షికోత్సవ సంచిక పనిలో ఏటా ఒక చెయ్యి వేస్తుంటాం. ఈసారి జ్ఞాపకాలకు బదులు ఒక పాఠం రాయాలనుకున్నాం. ఇది పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ఇదే సంచిక పనిలో దెబ్బ తిని నేర్చుకున్నది.

కొన్నేళ్ల కిందటి మాట. పేజీలు పెట్టడానికి ఒక మంచి సాఫ్ట్‌వేర్ దొరికింది. ముప్పై రోజులు ఉచితం అన్నారు. వెంటనే కంప్యూటర్‌లో వేశాం. మొదటి ఇరవై రోజులు రచనలు పోగు చేయడంలోనే గడిచిపోయాయి. మిగిలిన పది రోజులు రాత్రింబవళ్లు కూర్చున్నాం. ఇంకా నాలుగు పేజీలు ఉన్నాయనగా గడువు ముగిసింది. ఫైలు తెరవబోతే లైసెన్స్ కొనమని అడిగింది. వేరే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు తెరుచుకోలేదు. ఎవరో పెన్ డ్రైవ్‌లో 'క్రాక్' తెచ్చారు. అది వేసిన మర్నాడు ఉదయానికి కంప్యూటర్‌లోని ఫైళ్లన్నీ పేర్లు మారి, డబ్బు కడితేనే తెరుస్తామనే సందేశం కనిపించింది.

చేతిరాత కాగితాలు ట్రంకు పెట్టెలో ఉండబట్టి సంచిక బతికింది. అన్నీ మళ్లీ టైపు చేశాం. ఒక తమ్ముడు మాత్రం వాళ్ల నాయనమ్మ పాడే నాట్ల పాటను నేరుగా కంప్యూటర్‌లోనే టైపు చేశాడు. కాగితం లేదు. అప్పటికే ఆమె కాలం చేసింది. గుర్తున్న రెండు చరణాలే అచ్చయ్యాయి. మిగిలిన పాట ఇక దొరకదు.

తప్పు ఎవరిదని తర్వాత చాలాసార్లు మాట్లాడుకున్నాం. గడువు ముందే చెప్పారు. చూసుకోనిది మేమే. అందుకే ట్రయల్ అంటే ఏమిటో, ఆ గడువులో ఏం చేయాలో, కొనాలా వద్దా ఎలా తేల్చుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ట్రయల్ అంటే ఏమిటి?

సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు, వీలైతే కాడి కట్టి నాలుగు సాళ్లు దున్నించి చూస్తాడు. ఆ తర్వాతే బేరం. సాఫ్ట్‌వేర్‌కు ట్రయల్ కూడా అలాంటిదే. పరీక్షించడానికి ఇచ్చిన గడువు అది. పని మొత్తం చేసుకోవడానికి ఇచ్చింది కాదు. ఎద్దును పరీక్షకు తీసుకెళ్లి మన పొలమంతా దున్నించుకోం కదా! మేము చేసిన పొరపాటు సరిగ్గా అదే.

ఈ పద్ధతికి నలభై ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ 'పీసీ-టాక్', జిమ్ నాఫ్ 'పీసీ-ఫైల్' అనే ప్రోగ్రాములు రాసి, ఎవరైనా కాపీ చేసుకుని వాడుకోవచ్చని, నచ్చితే డబ్బు పంపమని కోరారు. 1983లో బాబ్ వాలెస్ తన 'పీసీ-రైట్' డిస్కును 10 డాలర్లకు ఇచ్చాడు. నచ్చి 75 డాలర్లు కట్టి నమోదు చేసుకున్నవారికి పుస్తకం, సహాయం అందించాడు. ఈ పద్ధతికే 'షేర్‌వేర్' అని పేరు స్థిరపడింది. వాడేవాడి నిజాయితీ మీద నమ్మకంతో మొదలైన వ్యాపారం ఇది.

2. ట్రయల్‌లో రకాలు

అన్ని ట్రయల్‌లూ ఒకేలా ఉండవు. మనకు ఎదురయ్యేవి ముఖ్యంగా ఇవి.

(అ) గడువు దాటగానే ఆగిపోయేవి. కొన్ని పూర్తిగా మూసుకుపోతాయి. కొన్ని సగం పనిచేస్తాయి. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007, 2010 కాలంలో కొత్త కంప్యూటర్లతో 60 రోజుల ట్రయల్ వచ్చేది. గడువు దాటితే ఫైలు చూడవచ్చు, ప్రింటు తీయవచ్చు కానీ ఒక్క అక్షరం మార్చడానికి వీలుండేది కాదు.

(ఆ) గడువు దాటినా గుర్తు చేస్తూ ఉండేవి. ఫైళ్లను కుదించే విన్‌రార్‌కు 40 రోజుల ట్రయల్. ఆ తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుంది, కొనమని ప్రతిసారీ అడుగుతుంది. అడుగుతోంది కాబట్టి కొనకపోయినా ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. 40 రోజుల తర్వాత కొనాలి, లేదా తీసేయాలి అనేది దాని షరతు.

(ఇ) గడువు లేకుండా పనిని పరిమితం చేసేవి. కామర్స్ చదివే తమ్ముళ్లకు ట్యాలీ బాగా తెలుసు. లైసెన్స్ లేకుండా ట్యాలీని 'ఎడ్యుకేషనల్ మోడ్'లో తెరిస్తే నేర్చుకోవడానికి అన్నీ ఉంటాయి. కానీ నెలలో 1, 2, 31 తేదీల పద్దులే రాయనిస్తుంది. నేర్చుకునేవాడికి అది చాలు. దుకాణం లెక్కలు రాసేవాడికి చాలదు. విద్యార్థికీ వ్యాపారికీ మధ్య గీత ఎక్కడ గీయాలో ఈ బెంగళూరు సంస్థ చక్కగా ఆలోచించింది.

(ఈ) ముద్ర వేసేవి. పని అంతా చేయనిస్తాయి కానీ తయారైన పేజీ మీదో వీడియో మీదో తమ పేరు అడ్డంగా ముద్రిస్తాయి.

(ఉ) ముందే కార్డు నంబరో యూపీఐ అనుమతో తీసుకుని, గడువు దాటగానే తామే డబ్బు కోసుకునేవి. ఫోన్ యాప్‌లలో ఇవి ఎక్కువ. వీటి సంగతి కింద ప్రత్యేకంగా చెబుతాం.

3. కొంటే మనకు వచ్చేది పట్టానా, కౌలా?

చాలామంది సాఫ్ట్‌వేర్ కొన్నామంటారు. నిజానికి మనం కొనేది లైసెన్స్, అంటే వాడుకునే అనుమతి. భూమి భాషలో చెప్పాలంటే అది పట్టా కాదు, కౌలు. భూమి యజమానిదే, ఒప్పుకున్న షరతుల మీద సాగు మాత్రం మనది.

ఈ కౌలు రెండు రకాలు. మొదటిది ఒక్కసారి డబ్బు కట్టి ఆ వెర్షన్‌ను ఎంతకాలమైనా వాడుకోవడం. రెండోది నెలకో ఏడాదికో కడుతూ ఉన్నంతకాలమే వాడుకోవడం. దీన్ని 'సబ్‌స్క్రిప్షన్' అంటారు. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ సంస్థ 2013 నుంచి తన కొత్త వెర్షన్లను ఈ రెండో పద్ధతిలోకి మార్చింది. ఈ పద్ధతిలో కౌలు కట్టడం ఆపిన రోజున సాగు ఆగుతుంది. కాబట్టి కట్టేముందు 'ఎన్నాళ్లు కట్టగలం?' అని కూడా ఆలోచించాలి.

ఒప్పందంలో చూడవలసినవి నాలుగు: ఎన్ని కంప్యూటర్లలో వేసుకోవచ్చు, కంప్యూటర్ పాడైతే మరోదానికి మార్చుకోవచ్చా, కొత్త వెర్షన్ ఉచితమా, డబ్బు తీసుకుని చేసే పనులకు వాడవచ్చా. నాలుగోది విద్యార్థులు తప్పక చూడాలి. ఆటోడెస్క్ సంస్థ ఆటోక్యాడ్‌ను అర్హులైన విద్యార్థులకు ఏడాది చొప్పున ఉచితంగా ఇస్తుంది. పాలిటెక్నిక్‌లో చదివే తమ్ముళ్లకు అది గొప్ప అవకాశం. కానీ దానితో ఇంటి ప్లాను గీసి డబ్బు తీసుకోకూడదు. అది చదువు కోసం ఇచ్చిన అనుమతి మాత్రమే.

4. ముప్పై రోజుల్లో ఏ రోజున ఏం చేయాలి?

మొదటి సూత్రం: పని, తీరిక రెండూ చేతిలో ఉన్నప్పుడే ట్రయల్ వేయాలి. డౌన్‌లోడ్ చేసిన రోజు నుంచి కాదు, సాధారణంగా మొదటిసారి తెరిచిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఆ తేదీని, ముగిసే తేదీని గోడ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి.

మొదటి వారం: వాళ్లు చూపించే నమూనాలు కాదు, మన సొంత పని పెట్టి చూడాలి. తెలుగు పని అయితే వత్తులు, గుణింతాలు సరిగా పడుతున్నాయా? 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్యోత్స్న' అనే మూడు మాటలు టైపు చేసి ప్రింటు తీయండి. తెరమీద బాగుండి కాగితం మీద చెడేవి కూడా ఉన్నాయి.

రెండో వారం: కష్టమైన పరీక్ష పెట్టాలి. మన పనిలో అన్నిటికన్నా పెద్ద ఫైలు తెరవాలి. మన పాత కంప్యూటర్ తట్టుకుంటుందో లేదో అప్పుడు తెలుస్తుంది.

మూడో వారం: బయటికి వచ్చే దారి చూడాలి. మేము నష్టపోయింది ఇక్కడే కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాం. ఆ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పనిని పీడీఎఫ్‌గా, మామూలు టెక్స్ట్‌గా బయటికి తీయగలమా? తీసిన దాన్ని వేరే కంప్యూటర్‌లో, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడాలి. తెలుగు వాళ్లకు ఈ కష్టం కొత్తది కాదు. పాత డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో అను ఖతులతో చేసిన ఫైళ్లు ఆ ఖతులు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ సాఫ్ట్‌వేర్‌తోపాటు ఎన్నో పుస్తకాల ఫైళ్లు కూడా మూలపడ్డాయి. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగుకు ఈ బాధ లేదు. ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. కాబట్టి రచన అసలు ప్రతి ఎప్పుడూ యూనికోడ్‌లో, విడిగా ఉండాలి.

ఇరవై అయిదో రోజు: నిర్ణయం తీసుకోవాలి. ముప్పయ్యో రోజు దాకా ఆగకూడదు. కొనడం, మరొకటి చూసుకోవడం, మానేయడం – మూడింటిలో ఒకటి. ఏది ఎంచుకున్నా ముందుగా మన పనినంతా బయటికి తీసి రెండుచోట్ల దాచుకోవాలి.

కొందరు కంప్యూటర్‌లో తేదీని వెనక్కి తిప్పి గడువు పెంచుకోవాలని చూస్తారు. చాలా సాఫ్ట్‌వేర్‌లు దాన్ని పసిగడతాయి. పైగా తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు, పరీక్షల దరఖాస్తు వెబ్‌సైట్‌లు భద్రత హెచ్చరికలు చూపి తెరుచుకోవు. లెక్కల ఫైళ్లలో తేదీలు తారుమారవుతాయి.

5. కొనాలా, వద్దా? – ఒక లెక్క

ఈ ధరలు లెక్క కోసం మేము అనుకున్నవి. ఒక సాఫ్ట్‌వేర్ ఒక్కసారి కొంటే రూ.9,000, నెలవారీ అయితే రూ.400 అనుకుందాం. రెండింటికీ 18 శాతం జీఎస్టీ కలుస్తుంది.

ఒక్కసారి కొంటే: 9,000 + 1,620 = రూ.10,620. మూడేళ్లు వాడితే 36 నెలలకు భాగించగా నెలకు రూ.295.

నెలవారీ కడితే: 400 + 72 = రూ.472. ప్రతి నెలా వాడితే మూడేళ్లకు 472 × 36 = రూ.16,992.

ఏడాదికి రెండు నెలలే పని ఉంటే: మూడేళ్లలో ఆరు నెలలు. 472 × 6 = రూ.2,832.

చూశారా! రోజూ పని ఉన్నవాడికి ఒక్కసారి కొనడం మేలు. పరీక్షల కాలంలోనో, పెళ్లిళ్ల కాలంలోనో మాత్రమే పని వచ్చేవాడికి నెలవారీ మేలు. పెనుబల్లిలోనో వి.ఎం. బంజరలోనో చిన్న సెంటర్ పెట్టాలనుకునే తమ్ముడు అప్పు తెచ్చేముందు ఈ మూడు వరుసలూ కాగితం మీద వేసుకోవాలి. 'ఈ సాఫ్ట్‌వేర్ వల్ల నెలకు అదనంగా ఎంత సంపాదిస్తాను?' అన్న ప్రశ్నకు వచ్చే జవాబు, దాని నెల ఖర్చు కంటే ఎక్కువైతేనే కొనాలి. అందరి దగ్గరా ఉందని కొనకూడదు.

కొన్నప్పుడు బిల్లు మన పేరు మీద తీసుకోవాలి. లైసెన్స్ కీని ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. వేల రూపాయల సాఫ్ట్‌వేర్ కీని ఎవరైనా రెండు మూడు వందలకు ఇస్తామంటే అది ఎక్కడిదో అనుమానించాలి.

6. క్రాక్ ఎందుకు వద్దు?

మన దగ్గర డబ్బు లేదు, పెద్ద కంపెనీకి పోయేదేముంది అని మేమూ ఒకప్పుడు అనుకున్నాం. దీనికి రెండు జవాబులు ఉన్నాయి.

ఒకటి చట్టం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. తర్వాతి సవరణలతో కంప్యూటర్ ప్రోగ్రాములకూ రక్షణ వచ్చింది. 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజులకు తగ్గకుండా 3 ఏళ్ల వరకు జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉంటుంది. వ్యాపారానికి, లాభానికి వాడకపోతే కోర్టు జైలు శిక్ష లేకుండా రూ.50,000 వరకు జరిమానాతో వదిలిపెట్టవచ్చు. అంటే ఇంట్లో వాడినా తప్పు తప్పే, సెంటర్ పెట్టి వాడితే పెద్ద తప్పు. అదే చట్టం, న్యాయంగా పొందిన ప్రోగ్రామ్ పాడైపోకుండా మనం ఒక భద్రపు కాపీ తీసి ఉంచుకోవడానికి ఒప్పుకుంటుంది.

రెండోది మన భద్రత. తాళం పగలగొట్టడం వృత్తిగా ఉన్నవాడు మనకు ఉచితంగా తాళం తీసి పెడుతున్నాడంటే లోపల ఏదో వదిలి వెళ్తాడనే అనుకోవాలి. క్రాక్ వేసేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతారు. అక్కడే మనం గ్రహించాలి. భద్రతా అప్‌డేట్లు వేసుకోకపోతే ఏమవుతుందో 2017 మే నెలలో ప్రపంచమంతా చూసింది. 'వానాక్రై' అనే వైరస్ అప్‌డేట్ లేని విండోస్ కంప్యూటర్ల ద్వారా పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులతోపాటు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి.

7. డబ్బు లేనివాడికి దారి లేదా?

ఉంది. మంచి దారే ఉంది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే ఒక్క మాటకు రెండు అర్థాలు. మన తెలుగులో అదృష్టవశాత్తు రెండు మాటలు ఉన్నాయి – ఉచితం, స్వేచ్ఛ. ట్రయల్ ముప్పై రోజులు ఉచితం, కానీ అందులో స్వేచ్ఛ లేదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ' పేరుతో మొదలుపెట్టిన ఉద్యమం స్వేచ్ఛ గురించి. ఎవరైనా వాడవచ్చు, లోపల ఎలా ఉందో చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ దానికి తోడైంది. ఊరుమ్మడి చెరువు లాంటిది ఇది. ఎవరి సొంతమూ కాదు, తలా ఒక చెయ్యి వేసి గట్టు నిలబెడతారు, అందరూ నీళ్లు పారించుకుంటారు.

రాతపనికి, లెక్కల పట్టికలకు లిబ్రేఆఫీస్ ఉంది. ఫోటోలకు గింప్, బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్, పేజీలు పెట్టడానికి స్క్రైబస్, ఫైళ్లు కుదించడానికి 7-జిప్ ఉన్నాయి. వీటికి గడువులు లేవు. తెలుగు ఖతులకూ కొదవ లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఖతులు ఎన్నో ఏళ్లుగా ఉచితంగా దొరుకుతున్నాయి. మండలి, రామభద్ర, సూరన్న వంటి ఖతులు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. వాటితో పుస్తకం అచ్చువేసి అమ్ముకున్నా ఎవరికీ రూపాయి కట్టనక్కరలేదు. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తోంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చాలా ఏళ్ల కిందటే లినక్స్‌తో పాఠాలు మొదలుపెట్టాయి. కేంద్ర ప్రభుత్వం 2015లో తన కార్యాలయాలకు ఓపెన్ సోర్స్ విధానాన్ని ప్రకటించింది.

అయితే వీటికీ ఒక ఖర్చు ఉంది – నేర్చుకునే ఓపిక. మొదటి వారం చెయ్యి తిరగదు. బొత్తాలు వేరేచోట ఉంటాయి. ప్రెస్సు వాళ్లు, ఆఫీసు వాళ్లు ఫలానా సాఫ్ట్‌వేర్ ఫైలే కావాలంటే అక్కడ అది నేర్చుకోక తప్పదు. ఉద్యోగానికి అడిగే సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థి లైసెన్స్ మీదో ట్రయల్ మీదో నేర్చుకోండి. సొంత పనికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చాలునేమో ముందు చూడండి.

8. ఫోన్‌లో 'ఉచిత ట్రయల్' జాగ్రత్త

మొదటి వారం ఉచితం అని చెప్పి ఆటోపే అనుమతి అడిగే యాప్‌లు చాలా ఉన్నాయి. అనుమతి ఇచ్చిన రోజే ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. యాప్‌ను తొలగిస్తే చందా ఆగదు. ఆటోపేను విడిగా రద్దు చేయాలి. మన యూపీఐ యాప్‌లో 'ఆటోపే' లేదా 'మాండేట్' అన్నచోట ఆ జాబితా ఉంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2021 అక్టోబరు 1 నుంచి కార్డు మీద ఇలా పదేపదే కోసే డబ్బుకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం రావాలి. ఆ సందేశాలను చదవకుండా చెరిపేయకండి. ఉచిత చందాకే డబ్బు వివరాలు బలవంతంగా అడగడాన్ని, రద్దు చేయడం కష్టతరం చేయడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న తెచ్చిన మార్గదర్శకాలలో తప్పుడు పద్ధతులుగా పేర్కొంది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

గుర్తుంచుకోవలసినవి

ట్రయల్ పరీక్షకే, పనికి కాదు. ముగిసే తేదీ గోడమీద ఉండాలి. మన రచన అసలు ప్రతి మన చేతిలో, యూనికోడ్‌లో, రెండుచోట్ల ఉండాలి. లోపలికి వెళ్లేముందు బయటికి వచ్చే దారి చూసుకోవాలి. కొనగలిగితే బిల్లుతో కొందాం, కొనలేకపోతే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్చుకుందాం. దొంగదారి మాత్రం వద్దు.

అభ్యాసం

1. మీ బడి కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్‌ల పట్టిక రాయండి. ఏది కొన్నది, ఏది ట్రయల్, ఏది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ – ఎదురుగా గుర్తించండి.
2. ఒక సాఫ్ట్‌వేర్ ఒక్కసారి కొంటే రూ.5,000, నెలకైతే రూ.250. ఏడాదికి నాలుగు నెలలే పని ఉంటే మూడేళ్లకు ఏది చవక? జీఎస్టీ కలిపి లెక్కించండి.
3. మీ ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చిన ఒక పాటనో, కథనో అడిగి ముందు కాగితం మీద రాయండి. తర్వాత యూనికోడ్‌లో టైపు చేయండి. రెండూ దాచండి.

మూడో ప్రశ్నకు మార్కులు లేవు. అయినా అందరూ ముందు దాన్నే రాయాలని మా కోరిక. సాఫ్ట్‌వేర్ గడువు ముగిస్తే మళ్లీ కొనుక్కోవచ్చు. పాడేవాళ్లు వెళ్లిపోతే ఆ పాట ఏ లైసెన్స్‌తోనూ తిరిగి రాదు.